రెండో చుక్క ఏది?

(మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మాస్టారి జీవిత విశేషాలు మీ చేతుల్లో ఉన్న చిన్న పుస్తకంలో ఉన్నాయి. ఆయన పని గురించి మాత్రం అందులో పెద్దగా లేదు. ఉండే వీలు లేదు కూడా. ఆయన చేసిన పనిలో ముఖ్యమైన భాగం శనివారం సాయంత్రాలు, పిల్లలు వెళ్లిపోయాక, లేబరేటరీ గదిలో నలుగురైదుగురు టీచర్ల మధ్య జరిగింది. దానికి ఫొటోలు లేవు, మినిట్స్ పుస్తకం లేదు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో నేనొకణ్ణి. అందుకని ఈరోజు ఒకే ఒక్క పాఠం గురించి చెబుతాను. ఆరో తరగతి పాఠం, నలభై ఐదు నిమిషాల పీరియడ్. దాన్ని తయారు చేయడానికి ఐదుగురం నాలుగు శనివారాలు కూర్చున్నాం.

1990ల తొలి ఏళ్లు. కోనసీమలో చుట్టుపక్కల హైస్కూళ్లలో పనిచేసే సైన్సు టీచర్లం. ముగ్గురం ఫిజికల్ సైన్సు, ఇద్దరు బయాలజీ. ఒక టీచరు గారు పంటు మీద గోదావరి దాటి వచ్చేవారు, ఆఖరి పంటు అందుకోవాలని గడియారం చూసుకుంటూనే అందరికంటే ఎక్కువ వాదించేవారు.

మొదటి శనివారం మాస్టారు బల్ల మీద మూడే వస్తువులు పెట్టారు. టార్చిలైటు సెల్లు, చిన్న టార్చి బల్బు, జానెడు రాగి తీగ. "వెలిగించండి" అన్నారు. "ఇంకో తీగ ఇవ్వండి మాస్టారూ" అన్నాను నేను. "ఉన్నదాంతో చూడవయ్యా" అన్నారు. నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చదివినవాణ్ణి. ఓమ్ నియమం మీద లెక్కలు నిద్రలో లేపి అడిగినా చేసేవాణ్ణి. ఆ తీగ పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాను. చివరికి బయాలజీ టీచరు గారు వెలిగించారు. బల్బు అడుగున ఉన్న సీసం చుక్కను సెల్లు టోపీ మీద ఆనించి, తీగ ఒక కొసను సెల్లు అడుగుకు, రెండో కొసను బల్బు పక్క లోహానికి తాకించారు. అంతే. సెల్లును తిరగేసినా వెలుగుతుంది. బల్బు పక్క భాగాన్ని సెల్లుకు ఆనించి తీగను చుక్కకు తాకించినా వెలుగుతుంది. మొత్తం నాలుగు విధాలు. నాలుగూ కనిపెట్టేసరికి చీకటి పడింది.

ఆ సాయంత్రం కలిగిన కలవరం నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. 1997లో అమెరికాలో తీసిన ఒక డాక్యుమెంటరీలో హార్వర్డ్, ఎంఐటీ పట్టభద్రులకు స్నాతకోత్సవం రోజునే సెల్లు, బల్బు, తీగ ఇచ్చి ఇదే అడిగారు. గౌన్లు, టోపీలు వేసుకున్న ఇంజనీర్లు అనేకులు వెలిగించలేకపోయారు. వాళ్లకు చదువు రాక కాదు. చిన్నప్పటి నుంచి వాళ్ల చేతికి ఎవరో ఒకరు బల్బును హోల్డరులో బిగించి ఇచ్చారు, అంతే.

రెండో శనివారం గొడవంతా ఆ హోల్డరు గురించే. పిల్లలకు హోల్డరు ఇవ్వాలా, వద్దా? ఇస్తే పని సులువు, తీగలు జారిపోవు, పీరియడ్‌లో పాఠం అయిపోతుంది. నేను ఇవ్వాలనే అన్నాను. మాస్టారు హోల్డరు విప్పి లోపలి రేకులు చూపించారు. ఒక రేకు చుక్కకు తగులుతోంది, ఇంకోటి పక్కకు తగులుతోంది. "పిల్లవాడు ఆలోచించాల్సింది ఈ రేకులు ఆలోచించి పెట్టాయి. ఇక వాడికి మిగిలేది మరలు బిగించడమే" అన్నారు. పంటు టీచరు గారు ఒప్పుకోలేదు. యాభైమంది ఉన్న క్లాసులో ఒట్టి తీగలతో గందరగోళం అవుతుందన్నారు. ఆమె భయం నిజమైనదే. చివరికి ఇద్దరికి ఒక సెట్టు చొప్పున ఇద్దామని, తీగ కొసల ఎనామిల్ మనమే ముందుగా గీకి పెడదామని అనుకున్నాం.

బల్బు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బజార్లో ఎక్కువగా దొరికేది రెండున్నర వోల్టుల బల్బు. ఒక్క సెల్లు ఇచ్చేది ఒకటిన్నర. దాంతో అది ఎర్రగా మినుకుమంటుందే గానీ పూర్తిగా వెలగదు. కిటికీ పక్కన, ఎండలో కూర్చున్న పిల్ల సరిగ్గానే కలిపినా తన బల్బు వెలగలేదనుకుంటుంది. ఈ మాట చెప్పింది మాలో అందరికంటే చిన్నవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మాస్టారు అతని మాటను చాక్‌పీసుతో బల్ల మీదే రాసుకున్నారు. ఒకటిన్నర వోల్టుల బల్బుల కోసం అతనే అమలాపురం వెళ్లి పాతిక కొనుక్కొచ్చాడు.

ఇవన్నీ చిల్లర విషయాలుగా కనిపించవచ్చు. పాఠ్యప్రణాళిక రాసేటప్పుడు మనం ఉద్దేశాలు, స్పష్టీకరణలు, బోధనోపకరణాలు అని గళ్లు నింపుతాం. బల్బు ఎన్ని వోల్టులదో ఏ గడిలోనూ పట్టదు. కాని పిల్ల ఆ పీరియడ్‌లో ఏం నేర్చుకుంటుందో తేల్చేది అదే.

మూడో శనివారం అసలు పనిలోకి దిగాం. "పిల్లలు ఏమేం చేస్తారో బొమ్మలు వేయండి" అన్నారు మాస్టారు. వాళ్లు ఎలా తప్పు చేస్తారో మేం ముందుగా ఊహించాలన్నమాట. మొదటి బొమ్మ అందరిదీ ఒకటే: సెల్లు టోపీ నుంచి బల్బు చుక్కకు ఒకే తీగ. కుళాయి నుంచి బిందెలోకి నీళ్లు పడ్డట్టు. రెండో బొమ్మలో సెల్లు రెండు కొసల నుంచీ బయలుదేరిన కరెంటు బల్బులో ఢీకొని వెలుగవుతుంది. మూడోది, తీగతో సెల్లు రెండు కొసలనూ నేరుగా కలిపేయడం. అప్పుడు తీగ వేడెక్కుతుంది, పిల్లలు "కాలిందండీ" అని వదిలేస్తారు. ఆ వేడిని ఏం చేయాలన్నదాని మీద గంట మాట్లాడుకున్నాం. న్యూజిలాండ్‌లో రోజర్ ఆస్‌బోర్న్ అనే ఆయన 1980ల మొదట్లోనే పిల్లల మనసుల్లో ఉండే ఇలాంటి కరెంటు నమూనాలను గుర్తించి రాశాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకు అప్పుడు ఆ వ్యాసాలు లేవు. క్లాసులో ఏళ్ల తరబడి చూసిన ముఖాలున్నాయి. ఐదుగురి జ్ఞాపకాలు కలిపితే ఆయన జాబితా దాదాపు వచ్చేసింది.

మాకు తట్టనిది ఒకటి మిగిలింది. దాని దగ్గరకే వస్తున్నాను.

ఎవరు చెప్పాలో చీటీ వేశాం. చీటీ పంటు టీచరు గారికి వచ్చింది. మిగతా నలుగురం చూడాలి. ఇక్కడ మాస్టారు పెట్టిన నియమం అప్పట్లో నాకు వింతగా అనిపించింది. టీచరును చూడకూడదు. ఒక్కొక్కరు ముగ్గురు పిల్లల పక్కన నిలబడాలి. వాళ్ల చేతులు ఏం చేశాయి, నోరు ఏమంది, ఎప్పుడు ఆగారు, అది మాత్రమే రాయాలి. పిల్లలతో మాట్లాడకూడదు, సాయం చేయకూడదు. తీగ జారిపోతున్నా పట్టుకోకూడదు.

వింతగా ఎందుకనిపించిందంటే, క్లాసును చూడటం అంటే మనకు తెలిసింది ఇన్‌స్పెక్షనే. నేను చేరిన కొత్తలో ఒక అధికారి నా క్లాసుకు వచ్చి వెనక కుర్చీలో అరగంట కూర్చున్నారు. నల్లబల్ల మీద తేదీ ఉందా, హాజరు సంఖ్య వేశానా, చార్టు మేకుకు తగిలించానా చూశారు. ఆ అరగంటలో ఆయన కళ్లు ఒక్క పిల్లవాడి నోటుబుక్కు మీద కూడా వాలలేదు. ఆ తర్వాత, పక్క పక్క స్కూళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో మాదిరి పాఠాలు చూశాను. వాటిలో చురుకైన పిల్లల్ని ఏరి కూర్చోబెడతారు, జవాబులు ముందురోజే వచ్చి ఉంటాయి, అయ్యాక అందరం చప్పట్లు కొట్టి టీ తాగుతాం. చెప్పిన టీచరు తప్ప అక్కడ ఎవరూ ఏమీ పణం పెట్టరు. పాఠం చెడితే అది ఆమె పరువు. అందుకే మన దగ్గర ఇంకొకరు క్లాసులోకి వస్తున్నారంటే టీచరు గొంతు మారిపోతుంది.

ఇక్కడ అలా కాలేదు. పాఠం ఐదుగురిదీ. చెడితే ఐదుగురిదీ చెడినట్టు.

ఆరో తరగతి, మూడో పీరియడ్. నా వంతుకు వచ్చిన ముగ్గురిలో ఒక అమ్మాయి ఉంది. రెండు జడలు, మాట తక్కువ. టీచరు గారు వస్తువులు పంచి, ముందు బొమ్మ వేయమన్నారు, తర్వాతే చేసి చూడమన్నారు. ఆ అమ్మాయి రెండు గీతలు గీసింది. సెల్లు టోపీ నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, రెండూ వెళ్లి బల్బు అడుగునే చేరాయి. నా కాగితం మీద 'తప్పు, రెండూ చుక్కకే' అని రాశాను. తర్వాత ఆమె బల్బు చేతిలోకి తీసుకుని తిరగేసింది. అడుగు చూసింది. పక్కకు తిప్పి మళ్లీ అడుగు చూసింది. గోటితో చుక్కను గీకింది. పక్కనున్న స్నేహితురాలితో మెల్లగా అంది: "రెండో చుక్క ఏదే?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో పెన్ను ఆగిపోయింది.

మన ఇళ్లలో వాడిన పాత పిన్ను బల్బు గుర్తు తెచ్చుకోండి. దాని అడుగున రెండు సీసం చుక్కలుంటాయి. కరెంటు ఒక చుక్కలోంచి వెళ్లి రెండో చుక్కలోంచి తిరిగొస్తుంది. ఆ అమ్మాయి ఇంట్లో బల్బు మాడిపోయినప్పుడు ఎవరో మారుస్తుంటే దగ్గరగా చూసి ఉంటుంది. రెండు తీగలకు రెండు చోట్లు కావాలని ఆమెకు తెలుసు. వలయం గురించి మేం నేర్పాలనుకున్న ముఖ్యమైన సంగతి ఆమె దగ్గర అప్పటికే ఉంది. టార్చి బల్బుకు అడుగున ఒకే చుక్క ఉండి, రెండో చోటు పక్క లోహం కావడమే ఆమెను ఆపింది. నేను తప్పు అని రాసిన బొమ్మ ఆమె చూసిన బల్బుకు అక్షరాలా సరైన బొమ్మ.

మేం ఊహించిన తప్పుల జాబితాలో ఇది లేదు. విదేశీ పరిశోధకుల జాబితాల్లో నేను వెతికాను, అక్కడా కనిపించలేదు. చాలా దేశాల్లో ఇళ్లలో మరలు తిప్పే బల్బులే, వాటి అమరిక టార్చి బల్బు లాంటిదే. కాబట్టి ఇది మన పిల్లల చిక్కు, మన వంటింటి బల్బు తెచ్చిన చిక్కు. దాన్ని మన క్లాసులో, మన పిల్ల పక్కన నిలబడ్డవాళ్లే కనిపెట్టాలి. నల్లబల్ల దగ్గరున్న టీచరు గారికి ఆ మాట వినపడలేదు, వినపడే వీలూ లేదు. వెనక కుర్చీలో కూర్చున్న అధికారికీ వినపడదు.

సాయంత్రం లేబరేటరీలో కూర్చున్నాం. చెప్పిన టీచరు గారు ముందుగా మాట్లాడాలన్నది రెండో నియమం. ఆమె తనకు ఎక్కడ కాలు జారినట్టనిపించిందో చెప్పారు. తర్వాత నేను మొదలుపెట్టబోయి అలవాటుగా "టీచరు గారు చాలా బాగా చెప్పారండీ" అన్నాను. మాస్టారు చేయి ఎత్తి ఆపారు. "బాగా అన్నది నువ్వు చూసింది కాదయ్యా, అనుకున్నది. చూసింది చెప్పు." అప్పుడు రెండో చుక్క గురించి చెప్పాను. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. టీచరు గారు మాత్రం "అయ్యో, ఆ పిల్లను నేను దాటుకుని వెళ్లిపోయానండీ" అన్నారు. ఆమె గొంతులో బాధ ఉంది, సిగ్గు లేదు. ఆ రెంటికీ తేడా నాకు ఆరోజే తెలిసింది.

నాలుగో శనివారం పాఠం మార్చాం. ఇంకో స్కూల్లో, ఇంకో ఆరో తరగతికి చెప్పాలి. ఈసారి ముందుగా మాడిపోయిన ఇంటి బల్బులు పంచుదామనుకున్నాం, పిల్లలు చుక్కలు లెక్కపెడతారు. తర్వాత టార్చి బల్బు ఇచ్చి, దీనికి ఒకటే ఉంది, మరి రెండో దారి ఎక్కడుండొచ్చో వెతకమంటాం. బయాలజీ మాస్టారు ఒకరు గట్టిగా అడ్డుపడ్డారు. పిల్లలు ఇంటికెళ్లి గోడ ప్లగ్గుతో ఇదే చేస్తే? ఆ మాటతో పాఠం చివర ఐదు నిమిషాలు మారిపోయాయి. సెల్లు కరెంటుకూ ఇంటి కరెంటుకూ తేడా, ఇంటిది ఎందుకు ముట్టుకోకూడదు అన్నది అందులో చేరింది.

ఆ రెండో పాఠం కూడా అన్నివిధాలా నెగ్గిందని చెప్పను. ఎక్కువమంది పిల్లలు పక్క లోహాన్ని కనిపెట్టారు. కాని కొందరు ఇంటి బల్బు పక్కన పొడుచుకొచ్చిన రెండు పిన్నులను చూసి, కరెంటు వాటిలోంచే పోతుందనుకున్నారు. అవి హోల్డరులో బల్బును నిలబెట్టడానికే. మేం తెచ్చిన మందే కొత్త జబ్బు తెచ్చింది. దాన్ని కూడా రాసుకున్నాం.

ఇదంతా మాస్టారు సొంతంగా కనిపెట్టారో, ఎక్కడైనా చూశారో నేనెప్పుడూ అడగలేదు. 1988లో జన విజ్ఞాన వేదిక ఏర్పడ్డాక ఆయన అందులో తిరిగారు. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబులతో ప్రయోగాలు చేసే అరవింద్ గుప్తా పుస్తకాలు ఆయన అల్మారాలో ఉండేవి. హోషంగాబాద్ గురించి కూడా చెప్పేవారు. మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1972లో పదహారు పల్లెటూరి మిడిల్ స్కూళ్లతో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ దాన్ని నడిపించాయి. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు పల్లె టీచర్లతో కూర్చుని పాఠాలు తయారు చేశారు. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది, 1982లో ఏకలవ్య సంస్థ పుట్టి ఆ బాధ్యత తీసుకుంది. టీచర్లు నెలనెలా కలిసి, జరిగిన ప్రయోగాలు ఎక్కడ తప్పాయో చెప్పుకునేవారు. పిల్లలు పుస్తకం చూసి పరీక్ష రాసేవారు, ప్రయోగం చేసి మార్కులు తెచ్చుకునేవారు. ముప్పై ఏళ్లు నడిచిన ఆ పనిని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది. ఆ వార్త వచ్చిన రోజు మాస్టారు శనివారం సమావేశానికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

జపాన్ సంగతి నేను చదివింది రిటైరయ్యే ముందు. అక్కడ టీచర్లు ఇలా కలిసి పాఠం తయారు చేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు చూసి చర్చించడాన్ని జుగ్యో కెన్‌క్యూ అంటారు. జుగ్యో అంటే పాఠం, కెన్‌క్యూ అంటే పరిశోధన. దాని మూలాలు మేజీ యుగంలో ఉన్నాయి. 1872లో టోక్యోలో నార్మల్ స్కూలు, అంటే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల, పెట్టి అమెరికా నుంచి మేరియన్ స్కాట్ అనే ఉపాధ్యాయుణ్ణి రప్పించారు. క్లాసు మొత్తానికీ ఒకేసారి చెప్పడం, వస్తువు చూపించి పాఠం చెప్పడం జపాన్ టీచర్లు ఆయన పాఠాలు చూసి నేర్చుకున్నారు. బయటి నుంచి వచ్చింది చూసి నేర్చుకోవడం క్రమంగా ఒకరినొకరు చూసి మెరుగుపరుచుకోవడంగా మారింది.

వాళ్ల పాఠ్యప్రణాళికలో నన్ను ఆపేసింది ఒక వరుస. మనం టీచరు చేసే పని, విద్యార్థి చేసే పని అని రెండు వరుసలు రాస్తాం. వాళ్లు పిల్లలు ఇవ్వగల రకరకాల జవాబులను, తప్పువాటితో సహా, ముందే ఊహించి ఒక వరుసలో రాస్తారు. ఆ జవాబు వస్తే ఏం చేయాలో పక్కన రాస్తారు. మా మూడో శనివారం బొమ్మలే అవి. మేం దాన్ని కోనసీమలో ఒక గదిలో చేశాం, వాళ్లు దేశమంతటా చేస్తున్నారు. 1963లో ఇతాకురా కియోనొబు అనే శాస్త్ర చరిత్రకారుడు సైన్సు కోసం ప్రత్యేకంగా ఒక పద్ధతి తెచ్చాడు. ప్రశ్న ఇవ్వాలి, పిల్లలు ఏమవుతుందో ముందే ఎంచుకోవాలి, ఎందుకో వాదించుకోవాలి, ఆ తర్వాతే ప్రయోగం. ఆరోజు టీచరు గారు ముందు బొమ్మ వేయమన్నదీ ఇలాంటిదే. బొమ్మ లేకపోతే ఆ అమ్మాయి ఏమనుకుందో నాకు తెలిసేదే కాదు.

విద్యా పరిశోధకులు స్టిగ్లర్, హీబర్ట్ 1999లో రాసిన పుస్తకం జుగ్యో కెన్‌క్యూను జపాన్ బయట పేరెక్కించింది. జర్మనీ, జపాన్, అమెరికాల్లో 231 ఎనిమిదో తరగతి లెక్కల క్లాసులను వీడియో తీసి పోల్చిన అధ్యయనం దానికి పునాది. ఆ తర్వాత ఇది సింగపూర్‌కు, ఇండోనేషియాకు, ఇంకా చాలా దేశాలకు పాకింది.

మన దగ్గర దీనికి చోటు లేకపోలేదు. స్కూల్ కాంప్లెక్స్ అన్న ఆలోచన కొఠారీ కమిషన్ 1966లో ఇచ్చిన నివేదికలోనే ఉంది. పక్క పక్క స్కూళ్ల టీచర్లు కలిసి పనిచేయాలనే దాని ఉద్దేశం. ఇప్పుడు ఆ సమావేశాల్లో ఏం జరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైనుంచి వచ్చిన ఉత్తర్వులు చదవడం, యాప్‌లో ఏం నింపాలో చెప్పడం, భోజనం. చాలా స్కూళ్లలో ఒక్కరే ఫిజికల్ సైన్సు టీచరు, పాఠం గురించి మాట్లాడుకోవడానికి పక్కన మనిషే లేడు. ఆ ఒక్కరికి ఇంకొకరిని కలిపే అవకాశం నెలకు ఒకరోజు ఆ సమావేశమే. దాన్ని సర్క్యులర్లకు వదిలేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఒక్క భయం కూడా చెప్పాలి. ఈ మాటలు విని ఎవరైనా పెద్దలు దీన్ని ఉత్తర్వుగా ఇస్తే, రేపు ప్రతి స్కూలూ పాఠ పరిశీలన ఫారం నింపి ఫొటో పెట్టాలి. పరిశీలకుడు మళ్లీ వెనక కుర్చీలో కూర్చుంటాడు. చూపు మళ్లీ టీచరు మీదకు పోతుంది. దయచేసి అలా చేయకండి. ఇష్టపడి కలిసిన ముగ్గురికి ఒక పూట సమయం ఇవ్వండి, వాళ్ల క్లాసును ఆ పూటకు ఇంకొకరు చూసుకునేలా ఏర్పాటు చేయండి. అంతకంటే ఎక్కువ అడగను.

మాస్టారు పోయాక ఆయన అబ్బాయి నాకు ఒక నోటుబుక్కు ఇచ్చారు. శనివారాల నోటుబుక్కు. అందులో ఒక పేజీలో రెండు బల్బులు పక్కపక్కన వేసి ఉన్నాయి, ఒకదాని అడుగున రెండు చుక్కలు, ఇంకోదాని అడుగున ఒకటి. కింద ఆ అమ్మాయి అన్న మాట, ఆమె అన్నట్టే రాసి ఉంది. తేదీ ఉంది. నా పేరు లేదు, టీచరు గారి పేరూ లేదు.

ఈ సభకు వచ్చిన వాళ్లలో నలుగురం వచ్చే శనివారం మధ్యాహ్నం ఇదే స్కూలు లేబరేటరీలో కూర్చుంటున్నాం. తేలడం, మునగడం పాఠం తీసుకున్నాం. పిల్లలు ఏమంటారో ముందుగా రాయాలి. బరువైనవి మునుగుతాయంటారని అందరం అనుకుంటున్నాం, కాని ఇది కోనసీమ. ఇక్కడి పిల్లలు కాలవలో తేలిపోయే బరువైన కొబ్బరికాయల్ని రోజూ చూస్తారు, వాళ్ల మనసులో ఇంకేదో ఉండి ఉంటుంది. పీచుతో ఉన్నది, పీచు తీసినది, నీళ్లు తాగేసిన బోండం, మూడూ తెస్తానని ఒక టీచరు గారు చెప్పారు. పిల్లల ముందు పెట్టకముందే మనం తొట్టిలో వేసి చూడాలి. ఐదో మనిషి కావాలి. రాగలిగినవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి.